అప్పాయమ్మ కట్టిన చీమల తాడు

నేను పురుగుమందులు అమ్ముకుని బతికేవాణ్ణి. తాళ్ళరేవు సెంటర్లో, యానాం వెళ్ళే బస్సులు ఆగే చోటికి ఎదురుగా నా కొట్టు. భీమవరం దగ్గర పుట్టి, అగ్రికల్చర్ బీయస్సీ చదివి, అత్తవారి ఊరికి దగ్గరని ఇక్కడికొచ్చి పడ్డాను. దోమపోటుకైనా, ఆకుముడతకైనా మందు అడిగితే కళ్ళు మూసుకుని తీసిస్తాను. అలాంటి శ్రీనివాసరాజు, పురుగుల్ని వెనకేసుకొచ్చే ఒక ఆడమనిషి గురించి రాయడానికి కూర్చున్నాడంటే మా ఆవిడకే నవ్వొస్తోంది. నవ్వుకోనీండి. నా బేరం చెడగొట్టినవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు గానీ, చెడగొట్టాక కూడా నేను మెచ్చుకున్న మనిషి ఒక్కతే. ఆవిడ చినమొగ అప్పాయమ్మ.

చినమొగ చేపలవేట మీద బతికే పల్లె. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట, మడ అడవి అంచున ఉంటుంది. కొంత దూరం ఆటోలో వెళ్ళి, అక్కణ్ణుంచి నావ ఎక్కాలి. మడ అడవి చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. సముద్రం పోటెక్కితే మోకాళ్ళదాకా ఉప్పునీళ్ళలో మునిగి, పాటుకి బురదలో తేలే చెట్ల అడవి అది. వేళ్ళు ఊపిరికోసం బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి. చెప్పులతో నడవలేం, చెప్పుల్లేకుండా అసలే నడవలేం. అక్కడ అప్పాయమ్మ పరిగెత్తేది.

మనిషి పొడగరి. అడ్డచుట్ట నోట్లో ఉంటే తప్ప నోరు ఊరుకోదు. చుట్ట ఉన్నా పెద్దగా ఊరుకునేది కాదు. చేపల బుట్టలు నావలో వేసుకుని రేవుకి చేరవేసేది, సంతలో అమ్మేది, ఎవరైనా తూకంలో తేడా చేస్తే వాళ్ళ ఇంటి పేరుతో సహా తిట్టేది. పెళ్ళయిన కొత్తలో అందరి ఆడవాళ్ళలాగే మడకొట్టి వంటచెరకు తెచ్చేది. ఆ సంగతి దాచేది కాదు. "ఇక్కణ్ణుంచి అదిగో ఆ పాయ దాకా ఉన్న మడంతా నేనూ మా ఆడపడుచూ నరికి పొయ్యిలో పెట్టిందేనండి రాజుగారూ" అని చెయ్యి చాపి చూపించేది.

తొంభై ఆరులో నవంబరు తుపాను వచ్చింది. ఆ పూట ఆవిడ భర్త నూకరాజు వేటకి పోలేదు. పాయకి అవతల గట్టున కట్టేసిన నావ కొట్టుకుపోతుందేమోనని, దాన్ని లోపలికి తెచ్చుకుందామని వెళ్ళాడు. నావా రాలేదు, మనిషీ రాలేదు. దట్టంగా మడ ఉన్నవైపు ఇళ్ళు కప్పులు ఎగిరిపోయినా గోడలతో నిలిచాయి. మడ నరికేసిన వైపు ఇళ్ళు ఉన్న గుర్తు కూడా మిగల్లేదు. నూకరాజు శవం దొరకలేదు కనక దినం ఎప్పుడు చెయ్యాలో ఇంట్లోవాళ్ళకి తెలియలేదు. చెల్లెలు రత్తమ్మ అయితే, అన్న ఏ ఒడ్డునో ప్రాణంతో ఉన్నాడని చాలాకాలం రోజూ గట్టుమీదకి వెళ్ళి కూర్చునేది.

తరవాత ఫారెస్టువాళ్ళు వచ్చి వనసంరక్షణ సమితి పెట్టించారు. చవుడు తేలిన నేలలోకి పోటునీళ్ళు పారేలా చిన్న చిన్న కాలవలు తవ్వించి, నల్లమడ మొక్కలు నాటమన్నారు. మడని నరికి పొయ్యిలో పెట్టిన ఆడవాళ్ళే గోనెసంచుల్లో బురద నింపి, మొక్కలు పెంచి, నడుములు విరిగేలా నాటారు. ఆ గుంపుకి పెద్ద అప్పాయమ్మే. అందరికంటే ముందు ఆవిడ నాటిన వరస మాత్రం ఊరివైపు కాదు, పాయకి అవతల గట్టున, నూకరాజు నావ ఆఖరుసారి కట్టేసిన చోట. ఒక మొక్క ఆవిడ పెడితే పక్క మొక్క రత్తమ్మ పెట్టింది. ఆ ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి పడదు గానీ, ఆ రోజు మాత్రం నోరెత్తకుండా నాటారట. ఊళ్ళో దానికి "నూకరాజు వరస" అని పేరు పడింది. నా దృష్టిలో అదే అతనికి జరిగిన దినం.

మొక్కలు భుజమెత్తు దాటిన రోజుల్లో విశాఖపట్నం నుంచి కీర్తిప్రియ అనే పిల్ల వచ్చింది. యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోంది. మడ అడవిలో ఏయే పురుగులు, ఏయే నల్లులు ఉన్నాయి, ఏది దేన్ని తిని బతుకుతోంది అన్నది ఆ పిల్ల చదువు. నావ కావాలంది. అప్పాయమ్మ నావ దొరికింది.

మొదటి వారం అప్పాయమ్మ నవ్విన నవ్వుకి ఊరంతా కడుపు పట్టుకుందట. గొడుగు తిరగేసి కొమ్మకింద పట్టుకుని, పైన కర్రతో కొడితే గొడుగులో ఏవేవో రాలేవి. వాటిని ఏరి సీసాల్లో వేసుకునేది ఆ పిల్ల. "చేప రాలదు, పీత రాలదు, ఇంత చదువు చదివి పురుగులేరుకోడానికి వచ్చిందండి, దీని అమ్మానాన్నలకి ఎంత కష్టమో" అని మా కొట్టు దగ్గర కూడా చెప్పి నవ్వింది. అప్పటికి ఆవిడకి తెలిసిన పురుగులు రెండే రకాలు. కుట్టేవి, కుట్టనివి.

కీర్తిప్రియ ఒకరోజు చేతి భూతద్దం ఆవిడ కంటికి పెట్టింది. మడ ఆకుమీద చిన్న చిన్న పొక్కులుంటాయి, ఆకుకి అమ్మవారు పోసినట్టు. ఆ పొక్కు చీల్చి చూపించింది. లోపల నల్లులు. మామూలు కంటికి కనబడనే కనబడవు. అద్దంలో చూస్తే సన్నగా, తెల్లగా, నెమ్మదిగా కదులుతున్నాయి. నల్లులకి ఎనిమిది కాళ్ళుంటాయని, వీటికి మాత్రం నాలుగేనని కీర్తిప్రియ చెప్పింది. అప్పాయమ్మ చుట్ట తీసి పక్కన పెట్టి, మళ్ళీ మళ్ళీ చూసిందట. ఆ తరవాత నావ తెడ్డు మనవడికి కూడా ఇవ్వని మనిషి, ఆ భూతద్దం కోసం కీర్తిప్రియ చేతిలో తెడ్డు పెట్టింది. ఆ పిల్ల నావని తిన్నగా తీసుకెళ్ళి గట్టుకి గుద్దింది.

అప్పటినుంచి అప్పాయమ్మ కాళ్ళు లెక్కపెట్టకుండా దేన్నీ వదిలేది కాదు. ఆ రోజుల్లోనే కోనసీమ కొబ్బరికి నల్లి పట్టింది. కాయలమీద గోధుమరంగు మచ్చలు పడి, పగుళ్ళిచ్చి, గిటకబారిపోయేవి. రైతులు నా కొట్టు ముందు వరస కట్టేవాళ్ళు. వాళ్ళ మధ్యలోకి దూరి, "ఈ నల్లికి మా మడలో చుట్టాలున్నారండి రాజుగారూ. కాళ్ళు నాలుగే. కావాలంటే లెక్కపెట్టుకోండి" అంది. కాయలు పోయి ఏడుస్తున్న రైతుకి నల్లి కాళ్ళెన్నయితే ఏం? ఒకాయన కొట్టడానికొచ్చినంత పని చేశాడు.

పేర్లు కూడా ఆవిడే పెట్టుకునేది. ఆకుల్ని దగ్గరికి లాగి గూడు కుట్టుకునే ఎర్రచీమలు "మా ఆడపడుచులు", కొరికితే వదలవు కనక. పాకే పురుగు ఒంట్లో గుడ్డు పెట్టి, దాన్నే తిని పెరిగే సన్న కందిరీగ "అద్దివ్వని కాపురం". మడ పూతకి వచ్చే తేనెటీగలు "పెళ్ళివారు". సాలీడు కూడా పురుగేనని ఎంత చెప్పినా వాదించేది. కీర్తిప్రియ కాదంటే, "ఎనిమిది కాళ్ళుంటే ఉన్నాయి, వెలివేస్తావేంటి?" అనేది. తప్పులు చాలానే చేసేది. మొక్కలు నాటేటప్పుడు ఆడవాళ్ళని కొరుకుతున్నాయని ఎర్రచీమల గూళ్ళన్నీ మంటపెట్టి కాల్చించింది కూడా ఆవిడే. చీమలున్న చెట్టుకి ఆకుతినే పురుగు పట్టదని కీర్తిప్రియ చూపించాక, కాల్చడం ఆపించింది. ఎర్రచీమ తన పిల్లని నోట కరుచుకుని, ఆ పిల్ల నోట్లోంచి వచ్చే దారంతో ఆకులు కుడుతుంది. అది చూసి వచ్చి నాతో, "మేం చంకలో పిల్లనెట్టుకుని వల అల్లినట్టేనండి. నేను కాల్చింది పురుగుల్ని అనుకున్నాను గానీ, ఇళ్ళండి" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో నవ్వు లేదు.

ఏడాది తిరిగాక కీర్తిప్రియ సీసాలు సర్దుకుని విశాఖపట్నం వెళ్ళిపోయింది. భూతద్దం అప్పాయమ్మకి ఇచ్చేసి వెళ్ళింది. దాన్ని పుస్తెలతాడుండాల్సిన మెడలో నల్లతాడుకి కట్టుకుని తిరిగేది ఆవిడ.

రెండువేల ఒకటి భాద్రపదంలో పురుగొచ్చింది.

ముందు ఎవరూ పట్టించుకోలేదు. నాలుగు ఆకులకి చిల్లులు పడ్డాయి, అంతే. పున్నమి దగ్గరపడేసరికి నాటిన మడలో పాయకి ఇవతలంతా ఈనెలే మిగిలాయి, అవతల గట్టుకి అప్పుడే పాకుతోంది. సన్నటి నల్లపురుగులు, కొమ్మకొమ్మకీ. కింద నిలబడితే వాటి రెట్టలు రాలే చప్పుడు చినుకు పడుతున్నట్టే వినిపించేది. పాత అడవిలో పెద్ద చెట్లకి ఫరవాలేదు. పెంచుకున్న చెట్లు మాత్రం చలికాలంలో పొయ్యిలోకి ఎండబెట్టిన పుల్లల్లా నిలబడ్డాయి. ఫారెస్టు గార్డు వచ్చి చూసి, పైవాళ్ళకి చెబుతానని వెళ్ళాడు. ఊరికి అంత ఓపిక లేదు. ఆ చెట్లు పోతే రాబోయే తుపానుకి అడ్డమేమీ ఉండదని పిల్లలకి కూడా తెలుసు.

చినమొగలో అందరికీ వరి ఊళ్ళలో చుట్టాలున్నారు. పురుగు కనబడితే స్ప్రేయరు ఎత్తడం ఆ చుట్టాల దగ్గర చూసి నేర్చుకున్నదే. ఊరి పెద్ద బుజ్జిబాబు మీటింగు పెట్టి నన్ను రమ్మన్నాడు. ఎంత మందు పడుతుందో చెప్పడానికి వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, మంచి బేరమే అనుకున్నాను.

"మందు కొడితే పురుగు చస్తుంది. అది నా గ్యారంటీ" అన్నాను.

"కొట్టకపోతే ఆకు మళ్ళీ రాదాండి?" అని అడిగింది అప్పాయమ్మ.

"వస్తుందో రాదో నాకు తెలీదమ్మా. నేను వరికి డాక్టర్ని, మడకి కాదు."

ఆవిడ అప్పటికే ఎస్టీడీ బూత్ నుంచి విశాఖపట్నం ఫోన్ చేసి వచ్చింది. కీర్తిప్రియ ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆకంతా పోయినా నల్లమడ చిగురిస్తుందని వేరే దేశాల్లో చూసినవాళ్ళు రాశారట. ఇక్కడ తను చూడలేదు కనక మాటివ్వలేనందట. మందు కొడితే మాత్రం ఈ పురుగుని తినే చీమలూ కందిరీగలూ కూడా పోతాయని, పాయలో రొయ్యపిల్లకి కూడా మంచిది కాదని చెప్పిందట.

"మాటివ్వలేనన్నదాని మాట పట్టుకుని ఊరిని ముంచుతావా?" అని లేచింది రత్తమ్మ. "మా అన్న చెట్లు పురుగు తినేస్తుంటే చేతులు ముడుచుకుని చూడమంటావేంటి?"

"నీకే అన్నయ్య, నాకేం కాడా?" అంది అప్పాయమ్మ. తరవాత బుజ్జిబాబు వైపు తిరిగి, "మామా, నేను కట్టు అడుగుతున్నాను" అంది.

కట్టు అంటే చినమొగలో మాటలు కాదు. చేప గుడ్లుపెట్టే రోజుల్లో ఫలానా పాయలో వల వెయ్యకూడదని ఎవరైనా కట్టు అడిగితే, పెద్దలు ఒప్పుకుంటే, మళ్ళీ పున్నమిదాకా ఊళ్ళో ఎవరూ అక్కడ వల దించరు. అయితే అడిగిన మనిషి తన సొత్తొకటి పూచీ పెట్టాలి. ఆ కట్టువల్ల ఊరికి నష్టమొస్తే ఆ సొత్తు ఊరిది. పనిలేనివాళ్ళు ఊరికే కట్టు అడగకుండా పాతవాళ్ళు పెట్టుకున్న పద్ధతి. అప్పటిదాకా ఏ ఆడమనిషీ కట్టు అడగలేదట.

"వచ్చే పున్నమిదాకా మడలో మందు కొట్టకూడదు. అదీ కట్టు. నా నావ పూచీ."

నూకరాజు పోయాక ఆవిడ కష్టపడి కొనుక్కున్న నావ అది. ఆ నావ లేకపోతే చేపల బుట్టలు లేవు, సంత లేదు, ఆవిడ ఇంట్లో పొయ్యి లేదు. బుజ్జిబాబు చాలాసేపు గడ్డం గోక్కుని, సరేనన్నాడు. నేను బేరం పోగొట్టుకుని, వాళ్ళిచ్చిన టీ తాగి, ఒళ్ళు మండుతూ ఇంటికొచ్చాను.

కొన్ని రోజులకి రత్తమ్మ కొట్టుకొచ్చి ఆకుముడత మందు అడిగింది. పెద్దకూతుర్ని వరి పండే ఊరికే ఇచ్చింది, అల్లుడికని అడిగిందనుకున్నాను. ఇచ్చాను. ఆడవాళ్ళంతా సంతకెళ్ళిన పూట ఆవిడ ఒక్కతే స్ప్రేయరు భుజాన వేసుకుని, పాటు చూసుకుని, పాయ దాటి, నూకరాజు వరసంతా మందు కొట్టేసింది. మళ్ళీ ఊళ్ళోకి వచ్చి నడివీధిలో నిలబడి, "కట్టు తప్పాను. ఏంచేస్తారో చేసుకోండి" అంది. దాచుకోలేదు. మొండితనం ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకీ ఉంది, మెట్టినవాళ్ళకీ ఉంది.

ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే నూకరాజు వరసలో పురుగులన్నీ చచ్చి రాలాయి. ఆ వరసలో చెట్లకి సగం ఆకైనా మిగిలింది. పాయలో రొయ్యపిల్ల తెల్లగా తేలిందని ఒకరిద్దరు అన్నా ఎవరూ చెవిన పెట్టలేదు. ఊళ్ళో నిలబడి చూస్తే పాయ అవతల పచ్చగా ఒకే ఒక్క వరస, ఇవతల అప్పాయమ్మ కాపాడతానన్న మడంతా మోడు. వచ్చేపోయే నావలవాళ్ళు అటూ ఇటూ చూసి, అప్పాయమ్మ ఇంటివైపు చూసేవాళ్ళు. "నావకి రంగెయ్యించు వదినా, ఊళ్ళోవాళ్ళకి ఇచ్చేటప్పుడు బాగుండాలి" అని ఒకడు ఎగతాళి చేశాడు. రత్తమ్మతో అప్పాయమ్మ మాట్లాడ్డం మానేసింది. తిట్టడం కూడా మానేసింది. ఊరు భయపడింది దానికే.

ఒకరోజు కొట్టుకొచ్చి బల్లమీద కూర్చుంది. చేతిలో చుట్ట ఉంది గానీ వెలిగించలేదు.

"భయంగా ఉందండి రాజుగారూ" అంది.

"ఇప్పటికైనా మించిపోయింది లేదు, బుజ్జిబాబుతో చెప్పి కట్టు విడిపించుకో. నావ దక్కుతుంది" అన్నాను. ఆ మాట మందు అమ్ముకోడానికి అనలేదు. ఆవిడ మొహం చూసి అన్నాను.

"నావ సంగతి కాదండి. పోతే తట్ట నెత్తినెట్టుకుని నడుస్తాను. ఆ చెట్లు చిగురించకపోతే ఊరు ఏ చాటున ఉంటుందండి? ఒకసారి నరికి చంపాను, రెండోసారి నమ్మి చంపానంటారు."

కొట్టులో ఉన్న అన్ని సీసాల్లో ఆ భయానికి మందు లేదు. ఆవిడ లేచి, అలవాటుగా గోడమీద పాకుతున్నదేదో భూతద్దంలో చూసి, "ఆరు" అనుకుంటూ వెళ్ళిపోయింది. వర్షంలోనే వెళ్ళింది, గొడుగు కూడా తీసుకోలేదు.

ఆశ్వయుజ పున్నమి వచ్చింది. పోటునీళ్ళు ఎక్కాక బుజ్జిబాబు, ఇంకో ఇద్దరు పెద్దలు, రత్తమ్మ, సాక్షిగా నేను, అందరం అప్పాయమ్మ నావలోనే బయల్దేరాం. తెడ్డు ఆవిడే వేసింది.

దూరం నుంచి చూస్తే మోడులే. దగ్గరికెళ్ళాక బుజ్జిబాబు చెయ్యి చాపి ఒక కొమ్మ వంచాడు. కణుపు కణుపుకీ ఎలకచెవంత చిగురు, లేతాకుపచ్చ. పక్క కొమ్మకీ అంతే. ఆ పక్క చెట్టుకీ. నావ లోపలికి పోయేకొద్దీ చిగుళ్ళు పెద్దవయ్యాయి. అక్కడక్కడ కొమ్మల్ని అంటుకుని ఎండిపోయిన పురుగులు, వాటి పక్కన బియ్యపు నూకంత తెల్లటి గూళ్ళు. అద్దివ్వని కాపురం కట్టిన ఇళ్ళవి. మిగిలిన పురుగుల్ని ఎర్రచీమలు గుంపుగా లాక్కెళ్తున్నాయి. నేను అంతకుముందు ఆ అడవిలోకి అంత లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. చూస్తున్నకొద్దీ ప్రతి కొమ్మా ఒక బజారులా ఉంది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, మోసేవాళ్ళు, పొంచి కూర్చున్నవాళ్ళు. ఇన్నాళ్ళూ ఆవిడ చెప్పిన చుట్టాలందరూ అక్కడ పనిలో ఉన్నారు. ఎవరూ కూలి అడగలేదు.

"నావ నీదే అప్పాయమ్మా" అన్నాడు బుజ్జిబాబు. అతని కళ్ళు తడయ్యాయి.

ఆవిడ వినలేదు. పాయ అవతలికి చూస్తోంది. మేమూ చూశాం. ఆవిడ నావని అటు తిప్పింది.

మొన్నటిదాకా పచ్చగా నిలిచిన నూకరాజు వరసలో ఇప్పుడొక్క ఆకు లేదు. మందు కొట్టినప్పుడు పురుగుతో పాటు దాన్ని తినేవన్నీ చచ్చాయి. ఎక్కణ్ణుంచో వచ్చిన కొత్త రెక్కలపురుగులు అక్కడ గుడ్లు పెట్టాయి. ఆపడానికి ఒక్క చీమ లేదు, ఒక్క కందిరీగ లేదు. ఈసారి పురుగు ఈనెల్ని కూడా వదల్లేదు, లేత కొమ్మల బెరడు గీకుతోంది. ఇప్పుడిప్పుడే పెట్టిన చిగుళ్ళు కూడా నల్లగా కదులుతున్నాయి. రెండోసారి తట్టుకునే బలం ఆ చెట్లకి ఉందో లేదో ఎవరికీ తెలీదు.

రత్తమ్మ నావలోంచి మోకాలిలోతు నీళ్ళలోకి దిగి అక్కడే కూలబడింది. "మా అన్నని నా చేత్తో చంపుకున్నాను వదినా" అని తల కొట్టుకుంది.

చాలా రోజుల తరవాత అప్పాయమ్మ ఆవిడతో మాట్లాడింది. "ఏడ్చింది చాలు గానీ లే. చీమలు కావాలి."

ఆ సాయంత్రం మళ్ళీ ఎస్టీడీ బూత్. గూడు కోసి తీసుకెళ్ళి అక్కడ పెడితే కొన్నాళ్ళే ఉంటాయని, తల్లిచీమ ఇవతలే ఉండిపోతుందని, అందుకని రాకపోకలకి దారుండాలని కీర్తిప్రియ చెప్పిందట. ఎక్కడో నారింజతోటల్లో చెట్టుకీ చెట్టుకీ వెదురుబద్దలు కడతారట. ఇక్కడ మధ్యలో పాయ ఉంది, వెదురు అందదు. "వెదురెందుకు, తాడు కడతాను" అంది అప్పాయమ్మ. నైలాను తాడు నున్నగా ఉంటుంది, చీమకి పట్టు దొరకదేమోనని కొబ్బరితాడు కావాలంది. "రాజుగారూ, మీ మందు అంత పని చేసింది. మీరు తాడైనా తెండి" అని నామీద పురమాయించింది. కిక్కురుమనకుండా తెచ్చిచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ చీమల గూళ్ళున్న చెట్టునుంచి పాయ మీదుగా నూకరాజు వరసదాకా తాడు లాగారు. ఇవతల చెట్టుకి గట్టిగానే ముడిపడింది. అవతల మొదటి చెట్టు సన్నటిది, ఆకుల్లేక నీరసించిపోయింది. తాడు కడితే కొమ్మ వంగి, తాడు నడుమ నీళ్ళని తాకుతోంది. తాడు నానితే చీమ దిగదు. పోటు ఇంకా ఎక్కుతోంది. రాట పాతితే వదులు బురదలో నిలవడం లేదు.

రత్తమ్మ మొలలోతు నీళ్ళలోకి దిగి, తాడు కొసని చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో ఆ చెట్టు కొమ్మని పట్టుకుంది. "వదులు వదినా, నీ ఆడపడుచుల్ని" అంది.

ముందొక చీమ తాడెక్కింది. సగందాకా వచ్చి, ఆగి, మీసాలు తిప్పి, వెనక్కి పోయింది. కాసేపటికి ఆ చీమే అనుకుంటాను, ఇంకొన్నిటిని వెంటేసుకొచ్చింది. వరసగా తాడుమీద నడిచి, రత్తమ్మ వేళ్ళమీదికెక్కి, అరచేతిమీదుగా, మోచేతిమీదుగా, మెడ వెనకనుంచి రెండో చేతిమీదుగా కొమ్మ ఎక్కడం మొదలుపెట్టాయి. ఎర్రచీమ కొరుకుడు నాకు తెలుసు. ఒక్కటి కొరికితేనే మగవాడు గంతులేస్తాడు.

"కొరుకుతున్నాయే వదినా" అంది రత్తమ్మ. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"కొరకనియ్యవే. కదలకు" అంది అప్పాయమ్మ, తనూ నీళ్ళలోకి దిగి ఆవిడ మోచెయ్యి కింద చెయ్యి ఆనించి. "అవి మీ అన్న దగ్గరికే వెళ్తున్నాయి."

రత్తమ్మ తాడు వదల్లేదు. పోటు దిగేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. నీళ్ళు తీశాక రాటని లోతుగా దింపి, తాడు దానికి ఎత్తి కట్టారు. వాళ్ళిద్దరి చేతులమీదా దద్దుర్లు తేలాయి. పై కొమ్మలో మొదటి పురుగుని చీమలు చుట్టుముట్టడం అప్పాయమ్మ భూతద్దంలోంచి చూసి, ముందు రత్తమ్మకి చూపించింది.

ఆ వరసలో మూడు చెట్లు పోయాయి. మిగిలినవి మాఘమాసానికి ఆకు తొడిగాయి. తరవాతి వేసవికి పూశాయి. పూత మీద తేనెటీగలు ముసిరిన రోజున రత్తమ్మ కబురు పెడితే నేనూ వెళ్ళాను. వదినా మరదళ్ళు నావలో పక్కపక్కన కూర్చుని, భూతద్దం మార్చి మార్చి చూసుకుంటూ, దేనికో పోట్లాడుకుంటున్నారు. నన్ను చూసి రత్తమ్మ, "రండి రాజుగారూ, మా అన్న ఇంటికి పెళ్ళివారొచ్చారు" అంది.